ఆస్తికత, నాస్తికత, మన బాధ్యత

(కర్నూలు, కడప మండలముల పఠనమందిర సభ్యుల యెదుట మేము చేసిన ఉపన్యాసము)



దేవుడు కలడా లేడా యను వ్యాజ్యెమునకు ఈ సాయంకాలము మేము తీర్పు చెప్పుదుమని యెవరైన వచ్చియుండినచో వారికి ముందుగనే మనవి చేయుచున్నాము: అది మా పని కాదు. ఋగ్వేదము పదవ మండలమున సృష్టిని గూర్చిన సూక్తమొకటి కలదు. ఈ జగత్తు ఎట్లు పుట్టినదో దేవతలకైన తెలియునా యని ప్రశ్నించిన ఆ ఋషి, సందేహముతోనే సూక్తమును ముగించెను. ఋషులు వాయిదా వేసిన వ్యాజ్యెమును ఒక వకీలు గంటసేపటిలో పరిష్కరింపజాలడు.

మేము విచారింపదలచిన ప్రశ్న చిన్నది. కాని నిత్యము మన గుమ్మము తట్టునది. నమ్మువాడును నమ్మనివాడును ఒకే వీధిలో, ఒకే చెరువు క్రింద, ఒకే శాసనమునకు లోబడి బ్రదుకవలసియున్నారు. గుడికి రానన్న కుమారునితో తండ్రి మాటలు మానును. పురోహితుడు లేకయే వివాహమాడెదనన్న కూతురి యింటి గుమ్మమును బంధువులు త్రొక్కరు. మతము లేదన్న యువకునకు అద్దెకు ఇల్లు దొరకుట కష్టము. మఱియొక దిక్కున, నాలుగక్షరములు నేర్చిన కుమారుడు దీపము పెట్టుకొను తల్లిని పదిమందిలో పరిహసించును. ఈ రెండును కాఠిన్యములే. ఈ రెండింటి నడుమ మర్యాదగల మార్గము కలదా? కలదని మా విశ్వాసము. ఆ మార్గమునకు గుఱుతేమో చెప్పుటకే నేడు నిలుచున్నాము.

మొట్టమొదట ఒక అపవాదమును తొలగింపవలెను. సంశయము దొరల చదువుతోపాటు ఓడలలో దిగిన సరకనియు, మన నేలకు అది పరాయి విత్తనమనియు కొందఱు చెప్పుచుందురు. వారిని పత్తికొండ ప్రాంతమునకు ఒకసారి పోయి రమ్మని ప్రార్థించుచున్నాము. జొన్నగిరి సమీపమున ఎఱ్ఱగుడి బండలమీద క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున అశోకచక్రవర్తి చెక్కించిన ధర్మలిపులు నేటికిని నిలిచియున్నవి. 1929లో అవి పండితలోకమునకు తెలియవచ్చినవి. ఆ శాసనములలో ఒకదానియందు చక్రవర్తి చెప్పిన దేమి? రోగము వచ్చినప్పుడును, పెండ్లిండ్లకును, ప్రయాణములకును జనులు అనేక తంతులు జరుపుదురనియు, వానివలన ఫలము స్వల్పమనియు, సేవకులయెడ దయ, గురువులయెడ గౌరవము, ప్రాణులయెడ అహింస యనునవియే అధిక ఫలమునిచ్చు తంతులనియు చెప్పెను. మఱియొక శాసనమున, తన మతమును పొగడి పరమతమును తెగడువాడు తన మతమునకే హాని చేసికొనుచున్నాడని హెచ్చరించెను. ఆచారమును ప్రశ్నించుటయు, పరమతమును గౌరవించుటయు ఆ బండలమీదనే యున్నవి. ఇరువదిరెండు శతాబ్దములుగా మన సీమ గొఱ్ఱెల కాపరులు ఆ బండల నీడను నడచుచున్నారు. సంశయము మనకు పరాయి దెట్లగును?

ఆ మీదట వేమన. విగ్రహములమీద, తీర్థయాత్రలమీద, కులగర్వముమీద, కపటసన్న్యాసులమీద ఆయన విసరిన మాటలు తెలియని ఇల్లు తెనుగునాట లేదు. కదిరి ప్రాంతమున కటారుపల్లెలో ఆయన సమాధికి భక్తులు నేటికిని మ్రొక్కుచున్నారు. విగ్రహములను ఆక్షేపించినవానికే గుడి కట్టిన జాతి మనది. దీనిని చూచి నవ్వవలసినదో, మన జాతి హృదయవైశాల్యమునకు సంతసింపవలసినదో సభవారే నిర్ణయింతురుగాక. పండితులు చాలకాలము చులకన చేసిన ఆ పద్యములను వ్రాతప్రతులనుండి సేకరింపించి 1829లో ఆంగ్లానువాదముతో అచ్చొత్తించినవాడు కడపలో కొలువుచేసి, ఇల్లు కొని, పండితులను జీతములిచ్చి పోషించిన సి.పి. బ్రౌను. వేమన నాస్తికుడు కాడు; లోపలి దైవమును వెదకినవాడు. కాని వెదకుటకై ఆయన పట్టిన దివిటీ సంశయమే.

బనగానపల్లెలోను, కందిమల్లాయపల్లెలోను నివసించిన పోతులూరి వీరబ్రహ్మము చరిత్రయు ఇట్టిదే. విశ్వబ్రాహ్మణ గురువు దూదేకుల సిద్దయ్యను ప్రధానశిష్యునిగా స్వీకరించెను. కులమతముల గోడ దాటిన ఆ సాహసమును మనము మఱచి, కాలజ్ఞానమును మాత్రము చేతపట్టితిమి. ఏ ఉత్పాతము వచ్చినను అది ముందే వ్రాయబడినదని, జరిగిన పిదప చూపుట మనకు అలవాటైనది. 2020లో కరోనా మహమ్మారి వచ్చినప్పుడును ఇదియే జరిగినది. జరిగిన తరువాత దొరకు జోస్యముతో ఒక్క ప్రాణమును నిలువదు. ఆ యేడు ప్రాణములు నిలిపినవారు దాదులు, వైద్యులు, వీధులూడ్చిన పారిశుద్ధ్యపు పనివారు. వారిలో మ్రొక్కువారు నుండిరి, మ్రొక్కనివారు నుండిరి. రోగి ఆ భేద మడుగలేదు.

ఇక అసలు విషయమునకు వత్తము. మన సీమలో దైవచింతకు మూలము మేఘము. గోదావరి డెల్టాలో కాలువ చూచి నాటువేయు రైతునకు ఆకాశముతో అంత పని లేదు. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన, అదియు వేళ తప్పి కురియు ఈ మెట్టనేలలో, సెనగయో జొన్నయో చల్లినవాడు పైకి చూడక యేమి చేయును? వానకై విరాటపర్వము చదివించుట, కప్పలకు పెండ్లి చేయుట, వరుణజపములు జరుపుట మన గ్రామములలో తరతరముల ఆచారములు. వీనిని పరిహసించుట మా ఉద్దేశము కాదు. అప్పుతెచ్చి విత్తనము వేసిన రైతు నిస్సహాయుడై చేతులు జోడించునపుడు నవ్వువాడు హేతువాది కాడు, హృదయము లేనివాడు.

కాని యొక మాట. విరాటపర్వము చదివించుటకు గ్రామమంతయు చందా వేసికొన్నట్లు, చెరువు పూడిక తీయుటకు వేసికొనుచున్నదా? అలుగు మరమ్మతునకు, తూము బాగుచేతకు అదే ఉత్సాహము కలదా? వాన కురిపించుట మన చేతిలో లేదు. కురిసిన వానను నిలుపుట మన చేతిలో నున్నది. మొదటిదానికై ప్రార్థించినవాడు రెండవదానిని మఱచినయెడల అతడు దేవునికిని, నేలకును ఋణపడినవాడే.

ధాతకరువు చరిత్రను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును దహించిన ఆ క్షామమున అత్యధికముగా నాశనమైన మండలములలో కర్నూలొకటి. 1871 నాటి జనాభాతో 1881 లెక్కలను పోల్చినచో ఈ మండలమున దాదాపు నాలుగవ వంతు జనము తగ్గిరి. వానలు కురియకపోవుట ప్రకృతి. కాని అదే కాలమున మన రేవులనుండి గోధుమలు ఇంగ్లాండునకు ఎగుమతియగుటయు, 1877లో సర్ రిచర్డు టెంపులు కరువుపనులలో కూలివానికి దినమునకొక పౌను ధాన్యము చాలునని నిర్ణయించుటయు ప్రకృతియా? అవి మనుష్యులు కాగితముమీద చేసిన నిర్ణయములు. పాపఫలమని, కలిమహిమయని జనులు అనుకొన్నంతకాలము ఆ కాగితములను అడుగువారు లేకపోయిరి. అంతకు పూర్వము 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన ధాన్యపుకొట్లు తెఱచి వేలమందికి గంజి పోయించెను. కరువును దైవనిర్ణయమని చూచుచు కూర్చుండక కుండలు పొయ్యికెక్కించినవాడు గనుకనే ఆయన పేరు మన పాటలలో నిలిచినది.

ఇచ్చట మా వాదముయొక్క మూలసూత్రము తేటపడుచున్నది. లెక్క చెప్పవలసినవాడు లెక్క చెప్పక, దైవేచ్ఛను అడ్డము పెట్టుకొనరాదు. ఆస్తికుడైనను, నాస్తికుడైనను, ఈ ఒక్కచోట ఏకము కావలెను.

1934 జనవరిలో బీహారు భూకంపమున వేలమంది మరణించినపుడు, అది అస్పృశ్యతాపాపమునకు దైవమిచ్చిన శిక్షయని మహాత్ముడు పలికెను. అస్పృశ్యతను గాంధీజీతో సమానముగా ద్వేషించిన రవీంద్రుడు ఆ మాటను బహిరంగముగ ఖండించెను. భౌతికోత్పాతమునకు కారణము భౌతికమేగాని మనుష్యుల నీతి కాదనియు, ఇట్టి మాటలు జనులలో అవివేకమును బలపఱచుననియు ఆయన వాదము. మహాత్ముడు ఆ ఖండనమును తన పత్రికలోనే ప్రకటించి, తన విశ్వాసమును వీడక సమాధానము వ్రాసెను. స్నేహము చెడలేదు. దేశము చెడలేదు. మహాత్ముని మాటను కాదనుట దేశద్రోహమని ఆనాడు ఎవరును రవీంద్రుని వెంటబడలేదు. వాదమునకు మర్యాద యిట్లుండవలెను.

మన యింటి సంగతికే వత్తము. 2021 నవంబరు 19వ తేదీ తెల్లవాఱుజామున, అప్పటి కడప జిల్లాలో చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగినది. పైనుండి పింఛా ప్రాజెక్టు కట్టయు తెగి నీరు వచ్చిపడినది. రాజంపేట చుట్టుపట్ల పల్లెలు కొట్టుకొనిపోయి పదులసంఖ్యలో జనులు మరణించిరి. అది కార్తికమాసము; దీపములు పెట్టుటకు గుడికి పోయినవారును ప్రవాహమున పడిరి. భక్తులను దైవమేల కాపాడలేదని నాస్తికుడు అడుగవచ్చును. ఆ ప్రశ్న మేమడుగము. పుత్రశోకములో నున్నవారియెదుట అది క్రూరము. కాని గేట్లన్నియు పనిచేసినవా, కట్ట బలమును సకాలమున పరీక్షించిరా, దిగువ పల్లెలకు హెచ్చరిక ఎప్పుడు చేరినది, యను ప్రశ్నలు అడుగకుండుట అంతకంటె క్రూరము. అంతయు దైవలీలయని మనము కన్నీరు తుడుచుకొని యింటికి పోయిననాడు, రాబోవు వఱదకు మఱియొక కట్ట సిద్ధమగును. ఆ ప్రశ్నలు అడుగుటకు నాస్తికుడు కానక్కఱలేదు. సంశయించుట తెలిసియుండిన చాలును.

చెరువుకు అలుగెట్టిదో నమ్మికకు సంశయమట్టిది. అలుగు లేని చెరువు నిండుగ నున్నంతసేపు అందముగనే యుండును. పెద్దవాన వచ్చిననాడు కట్టనే తెంచుకొనును. ప్రశ్నకు చోటివ్వని మతమును అంతే.

ఈ సంశయమును కడవఱకు తీసికొనిపోయి, దేవుడే లేడని నిర్ణయించుకొన్నవారి మాట యేమి? వారికి జాతీయజీవనమున చోటు కలదా? చరిత్ర కలదని చెప్పుచున్నది. దైవమును నమ్మనందున ప్రమాణవిషయమున చిక్కులుపడి 1880 మొదలు ఏండ్లతరబడి ఇంగ్లాండు పార్లమెంటులో స్థానము దొరకని ఛార్లెసు బ్రాడ్లా, 1889లో బొంబాయి కాంగ్రెసుకు వచ్చి భారతీయుల పక్షమున నిలిచెను. ఆయన 1891లో మరణించినపుడు లండనులో విద్యార్థిగానున్న గాంధీ అంత్యక్రియలకు పోయెను. 1930లో లాహోరు చెఱసాలలో ఉరికంబమునకెదురుగ కూర్చుండి తాను నాస్తికుడనేల అయితినో వ్రాసినవాడు భగత్‌సింగు. పరలోకముమీద ఆశలేకయే ప్రాణము నిచ్చినవానిని దేశభక్తుడు కాడని ఏ ఆస్తికుడు చెప్పగలడు?

మన ఆంధ్రదేశముననే గోపరాజు రామచంద్రరావుగారుండిరి. గోరాయని ప్రసిద్ధులు. వృక్షశాస్త్ర అధ్యాపకులు. నాస్తికాభిప్రాయముల కారణమున ఉద్యోగము పోయినను వెనుదీయలేదు. 1940లో కృష్ణామండలమున ముదునూరులో నాస్తికకేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు మాఱినది. వారును, వారి భార్య సరస్వతిగారును అస్పృశ్యతను ఇంటినుండియే తొలగించిరి. 1944లో సేవాగ్రామమున గోరాగారు మహాత్ముని దర్శించి తన నాస్తికత్వమును నిర్భయముగ వివరించిరి. మహాత్ముడు ఆయనను వెడలగొట్టలేదు, మతము మార్చుటకు యత్నింపలేదు. ఆయన పనిని చూచెను. గోరాగారు తమ కుమార్తెను హరిజన యువకునకిచ్చి వివాహము చేయదలచిరి. మహాత్ముడు ఆ వివాహమును సేవాగ్రామముననే జరుపుటకు అంగీకరించెను. తంతులో దైవమనుచోట సత్యమను మాట వాడుటకును ఒప్పుకొనెను. ఆయన మరణానంతరము 1948లో ఆ వివాహము అచ్చటనే జరిగినది. దేవుడే సత్యమన్న మహాత్ముడు 1931 నాటికి సత్యమే దేవుడని మాటను త్రిప్పి చెప్పుచుండెను. సత్యమను పీటమీద నాస్తికునకును చోటు కలదని ఆయన గ్రహించుట దీనికొక కారణము.

వకీళ్లము గనుక శాసనపు మాటయు కొంత చెప్పవలసియున్నది. 1850 నాటి శాసనమొకటి మతమును విడిచినవానికి ఆస్తిహక్కు పోకుండ కాపాడెను. 1872 నాటి వివాహశాసనము ప్రకారము పురోహితుడు లేని వివాహము కోరువారు, తాము హిందువులము గాని, ముసల్మానులము గాని, క్రైస్తవులము గాని కామని ముందుగ ప్రకటింపవలసియుండెను. 1954 నాటి ప్రత్యేక వివాహశాసనము ఆ నిర్బంధమును తొలగించినది. 1949 అక్టోబరు 17వ తేదీన రాజ్యాంగసభలో పీఠికను దేవుని పేరుతో ప్రారంభింపవలెనని కామత్‌గారు సవరణ తెచ్చిరి. 41 మంది అనుకూలురు, 68 మంది ప్రతికూలురు, సవరణ వీగినది. ఓడించినవారందఱు నాస్తికులనుకొనవలదు. అంతరాత్మ విషయమున ఒకనిపై మఱియొకడు నిర్బంధము చేయరాదని పట్టుపట్టిన దైవభక్తులు వారిలో నుండిరి. రాజ్యాంగపు 25వ అధికరణము మతస్వేచ్ఛకంటె ముందు అంతరాత్మస్వేచ్ఛను పేర్కొనుచున్నది. 2023లో తెలంగాణ హైకోర్టు, జననపత్రపు దరఖాస్తులో మతములేదు, కులములేదు అని వ్రాసికొనుటకు గడి యుంచవలెనని ఆదేశించినది. కులమతములు లేవనుటయు అంతరాత్మహక్కే యని దాని సారము.

సాక్షిబోనులో దైవసాక్షిగా ప్రమాణము చేయుటకు ఇష్టపడనివాడు, 1969 నాటి ప్రమాణశాసనము ననుసరించి, అంతఃకరణశుద్ధిగా నిజము చెప్పెదనని పలుకవచ్చును. ఈ హక్కు కలదని మన పల్లెలలో తెలిసినవారు కొలది. మేము వృత్తిలో కనుగొన్న దేమనగా, దేవుని పేరు గట్టిగ పలికినంతమాత్రమున అబద్ధము ఆగలేదు. పలుకనంతమాత్రమున నిజము తగ్గలేదు. మాట నిలుపుకొనువాడు నిలుపుకొనును. నీతికి మతమొక్కటే పునాదియను వాదమును ఆ బోనులో ఒక దినము నిలిపి ప్రశ్నించిన చాలును.

స్వేచ్ఛకు హద్దుకూడ ఆ అధికరణమే చెప్పుచున్నది: ప్రజాశాంతి, నీతి, ఆరోగ్యము. హొళగుంద మండలమున దేవరగట్టుకొండపై దసరా రాత్రి మాళమల్లేశ్వరస్వామి ఉత్సవవిగ్రహములకై పల్లెలవారు కఱ్ఱలతో తలపడు బన్ని ఉత్సవము మన కర్నూలువారికి క్రొత్తగాదు. తలలు పగులుచున్నవి, కొన్ని యేండ్లు ప్రాణములును పోయినవి. గాయమునకు భండారు పూసిన మానునని భక్తుల నమ్మిక. పోలీసులు, వైద్యులు ముందుగనే అచ్చట మకాము వేయవలసివచ్చుచున్నది. స్వామి ఊరేగింపును ఆపుమని మేము చెప్పము. ఇనుపకట్లు బిగించిన కఱ్ఱను మాత్రము ఇంటనే విడిచిరమ్మని ఆ పల్లెల పెద్దలనే చేతులు జోడించి అడుగుచున్నాము. పోలీసు లాఠీ చేయలేని పనిని పెద్దమనిషి మాట చేయగలదు. ఇట్లే ఆదవాని ప్రాంతమున పేదబాలికలను బసివిగా విడుచు దురాచారము దైవము పేరనే నడచినది. 1947లో మద్రాసు శాసనమును, 1988లో ఆంధ్రప్రదేశ శాసనమును దానిని నిషేధించినవి. ఆ బాలికల పక్షమున నిలిచినవారిలో ఆస్తికులును కలరు, నాస్తికులును కలరు. నమ్మికకు వెల యెవరు చెల్లించుచున్నారని అడుగుడు. నమ్మినవాడు తానే ఉపవాసముండి, తన కాళ్లతో కొండయెక్కినయెడల అది భక్తి. వెల మఱియొకరి కూతురు చెల్లించినయెడల అది భక్తి కాదు.

నాస్తికమిత్రులకును రెండు మాటలు. దేవుని కాదన్నంతమాత్రమున మీ పని తీరలేదు. పొలము దున్నక కలుపు పీకితినని గర్వించు సేద్యగాడు నవ్వులపాలగును. దైవభయము లేదన్నవాడు కట్నము తీసికొన్నను, ఓటునకు కులము చూచినను, అతని హేతువాదము పైపూతయే. గోరాగారి మాటకు విలువ వచ్చినది వారు సహపంక్తి భోజనములు పెట్టి, తమ యింటనే కులమును కాల్చినందున. పరిహాసముతో ఎవరి మనస్సును మాఱదు. కడప అమీన్‌పీరు దర్గాలో హిందువు, ఉగాదినాడు దేవునికడప వేంకటేశ్వరుని గుడిలో ముసల్మాను నిలుచుచున్నారు. ఆ దృశ్యము హేతువాదమునకు అందకపోవచ్చును. కాని దానిని పగులగొట్టువాడు దేశమునకు మేలు చేసినవాడు కాడు.

ఆస్తికసోదరులకు మా మనవి యింతకంటె కఠినము. మీరు పెక్కుమంది గనుక. 2011 జనాభాలెక్కలలో మతము చెప్పనివారు దేశమంతటను 28 లక్షలకు మించిన వారు మాత్రమే. ఇంత కొలదిమంది వలన కూలిపోవు మతమైనచో అది ఎఱ్ఱగుడి బండవలె ఇన్ని శతాబ్దములు నిలిచియుండెడిదే కాదు. మీ బిడ్డ సంశయించిన తలుపు మూయకుడు. ప్రశ్నించిన బిడ్డ ఇల్లు విడిచిన పిదప మిగులునది నిశ్శబ్దముతో కూడిన పూజాగది.

పఠనమందిరమువారికి కడపటి విన్నపము. ఈ బీరువాలో భాగవతము నుంచుడు, ఖురాను నుంచుడు, బైబిలు నుంచుడు. వాని ప్రక్కనే వేమనను, గోరాను, భగత్‌సింగును నుంచుడు. నెలకొకసారి ఆస్తికునకును నాస్తికునకును ఇదే బల్లవద్ద మాటాడుటకు సమముగ వేళ యిండు. సభ ముగిసిన తరువాత ఇరువురిని కూడ వెంటబెట్టుకొని, ఈ యూరి చెరువు అలుగును చూచి రండు. వచ్చు వానకాలమునకు ముందు అది బాగుపడవలసియున్నది.